మేకుకు తగిలించిన టోకెన్

తుడిచేస్తే పోతుందనుకున్నాను. నిన్న సాయంత్రం నా తలలో ఉన్నది అంతే, అంతకంటే పెద్ద ఎత్తుగడ ఏమీ లేదు. తుడిచి దాని మీద ఇంకోటి రాస్తే రాసిందే నిలుస్తుంది, పొద్దున లేస్తే నేను చేసే ఉద్యోగమే అది. హిందూపురం గార్మెంట్స్‌లో నేను లైన్ రైటర్‌ని. మిషన్ల వరస చివర గోడకు ఒక తెల్లబోర్డు ఉంటుంది, గంట కొట్టగానే ఎన్ని చొక్కాలు అయ్యాయో దాని మీద రాయాలి, అంకె తక్కువైతే సూపర్‌వైజర్ రమేష్ సార్ వచ్చి ఏమ్మా హీనా, కండ్లు సరిగా కనపడవా అంటాడు, నేను గుడ్డపీలికతో తుడిచి ఎక్కువ రాస్తాను, ఆ తక్కువ అంకె ఎక్కడికి పోయిందని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. బయ్యర్లు వస్తున్నారంటే మొత్తం తుడిచి కొత్తగా రాస్తాను, అందమైన గుండ్రటి అంకెలు, రంగుల్లో. చేతికి అలవాటైపోయింది, ఆ అలవాటే ఫోన్‌లోకీ వచ్చింది. ఇప్పుడు ధర్మవరం దాటిన రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ చేతినే ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను, చూపుడువేలి కొసన మార్కర్ సిరా నీలంగా అంటుకుని ఉంది, ఆదివారం వచ్చినా అది వదలదు. ఎదురుగా ఒక పెద్దాయన శనక్కాయలు వలుచుకు తింటున్నాడు, ఆ పొట్టు గాలికి నా మీదకే వస్తోంది. ఇంకో రోజైతే ఏమప్పా, నన్నేమన్నా చెత్తబుట్ట అనుకున్యావా అని అడిగేదాన్ని. నీకు నోరెక్కువే అని మా అమ్మ షంషాద్‌బీ అనని రోజు లేదు. ఈరోజు పొట్టు దులుపుకుంటూ ఊరికే కూర్చున్నాను, ఎవరినైనా ఏదైనా అడిగే మొహం నాకు లేదు.

ఫోన్ సంచిలో ఉంది. సంచి కాళ్ల మధ్య ఉంది. తెరిస్తే పాయసం ఉంటుంది. పాయసం అంటే మా రాత, మా లైను ఆడవాళ్లందరం కలిసి రాసుకున్నది. పైన పేరేం పెడదామంటే మన అగచాట్లు అని పెట్టు అంది తిప్పమ్మక్క, ఎవరి కంటైనా పడితే కొంప మునుగుతుందని నేనే సేమ్యా పాయసం చేసే విధానం అని పెట్టాను, అప్పటినుంచి మాకది పాయసమే, క్యాంటీన్‌లో నలుగురి ముందే పాయసంలో వేసినావా, ఏసినాలేక్కా అని మాట్లాడుకునేవాళ్లం, రమేష్ సార్ ఒకసారి మాకెప్పుడు పెడతారమ్మా అని కూడా అడిగాడు. అది రాసే యాప్‌ను నాకు చూపించింది మా తమ్ముడు యూనస్, ధర్మవరంలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. అక్కా, మామూలు దాంట్లో రాస్తే మన సామాను తీస్కపోయి ఆ యాప్ వాళ్లింట్లో పెట్టి తాళంచెవి గూడా వాళ్లకే ఇచ్చినట్ల, దీంట్లో అట్ల కాదు, పెట్టె వాళ్లింట్లో ఉన్నా తాళంచెవి మన తావే ఉంటాది, వాళ్లు తెరిసేకి కాదు అన్నాడు. లింకే తాళంచెవి. లింకు ఉన్నవాళ్లు లోపల, లేనివాళ్లు బయట. నేను పెద్ద నాయకురాలిలా ఒక్కొక్కరి ఫోన్‌లో అది పెట్టి, పక్కన నిలబడి నేర్పించాను. టైపు కొట్టడం ఎవరికీ రాదు, మాటలు చెబితే ఫోనే అక్షరాలు చేస్తుంది. హిందూపురం మీదుగా మా ధర్మవరం దాకా పోయే కంపెనీ బస్సు వెనక సీట్లలో కూర్చుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా చెప్పేవాళ్లు, ఏమమ్మా అందరూ ఒగేతూరి మొగుండ్లతో మాట్లాడతాండారా అని డ్రైవర్ గంగాధరప్ప నవ్వేవాడు. కొంగు కింద వాళ్లేం చెబుతున్నారో నాకు తెలుసు కాబట్టి నేను నవ్వలేకపోయేదాన్ని.

పేరు ఇవ్వనివాళ్లకు ఆ యాప్ తనే ఒక జంతువు బొమ్మ ఇస్తుంది. తిప్పమ్మక్కకు తాబేలు వచ్చింది, నాకు తాబేలు ఏంటికి ఇచ్చినావు పాపా అని నా మీద రెండ్రోజులు అలిగింది, నేనేదో ఏరి ఇచ్చినట్టు. వరలక్ష్మక్కకు ఉడుత. ఎవరు లోపలున్నా ఆ బొమ్మ పేజీ మూలన కనబడుతుంది, వాళ్లు వేలు పెట్టిన చోట చిన్న గీత ఆడుతూ ఉంటుంది. పేర్లు రాయకూడదన్నది మా కట్టుబాటు, మనవీ వద్దు, వాళ్లవీ వద్దు, సూపర్‌వైజర్ అంటే సూపర్‌వైజర్, సెక్యూరిటీ అంటే సెక్యూరిటీ. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. ఎవరికీ మాట రాకుండా చూసుకుందాం అని అందరికీ చెప్పిన నోరు ఇదే. అందరికీ అంటే అప్పుడు అందరికీ అనే అనుకున్నాను, అందులో నేను మొదట ఉన్నానని నిన్నటిదాకా నాకూ తెలియదు.

మేకు గుర్తొస్తోంది. రైలు పట్టాల మీద ఒక్కొక్క అతుకు దాటినప్పుడల్లా అదే మేకు. నా బోర్డు పక్కన గోడకు కొట్టిన మేకు, దానికి దారాలతో వేలాడే రెండు ఎర్ర చెక్కముక్కలు, అవే టోకెన్లు. బాత్రూముకు పోవాలంటే టోకెన్ మెడలో వేసుకుని పోవాలి, రెండూ బయట ఉంటే ఒకటి తిరిగి మేకుకు వచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు, బయ్యర్లు వచ్చిన రోజు టోకెన్లే కాదు మేకు కూడా పీకేసి ఆ చోట దేవుడి క్యాలెండర్ తగిలిస్తారు. తీసి ఇచ్చేది నేను. మా అమ్మ ఈడువాళ్లు బడిపిల్లల్లాగా చిటికెనవేలు చూపించి, నవ్వుమొహం పెట్టుకుని, నా ముందు నిలబడేవాళ్లు, నేను బోర్డు చూసి, గడియారం చూసి, ఊ అని తీసి ఇచ్చేదాన్ని. ఆ ఊ అనడం నాకు బాగుండేది. ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా రాలేదు, కానీ నాకు తెలుసు, బాగుండేది. డిగ్రీ చదివి చొక్కాలు లెక్కపెట్టే బతుకులో ఆ ఒక్క మేకు నాది.

వరలక్ష్మక్క కాలర్లు కుడుతుంది. కడుపుతో ఉంది, ఐదో నెల, పమిట కాస్త వదులుగా వేసుకుని రావడం మొదలుపెట్టింది. ఆ రోజు నా దగ్గరకు వచ్చి హీనా, టోకెన్ ఈమ్మా అంది, చిటికెనవేలు కూడా చూపించలేదు, అంత తొందర. టోకెన్ ఒకటి మేకుకు ఉంది. ఇంకోటి బయట తిరుగుతోంది కానీ ఒకటి మాత్రం అక్కడే వేలాడుతూ ఉంది. ఆ గంటకు అంకె తక్కువ పడేట్టుంది, ఆమె లేస్తే కాలర్లు ఆగుతాయి, కాలర్లు ఆగితే వెనక మిషన్లన్నీ ఆగుతాయి. రవ్వంత ఉండక్కా, గంట కొట్టనీ, ఇంతసేపు ఉంటివి గదా అన్నాను, నవ్వుతూనే అన్నాను. ఆమె పోయి కూర్చుంది. మళ్లీ తలెత్తి మేకు వైపు చూసింది. నేను బోర్డు వైపు తిరిగాను. అంత మోతలో ఒక్క మిషన్ ఆగినా నాకు తెలిసిపోతుంది, చెవి అలా తయారైంది, ఒకటి ఆగింది. తిరిగి చూస్తే ఆమె స్టూలు మీద అలాగే కూర్చుని ఉంది, రెండు చేతులూ కాలర్ మీద, తల వంచుకుని, కింద నేల తడి. పక్క వరసలో దారాలు కత్తిరించే తిప్పమ్మక్క లేచి వచ్చింది, తన నీళ్ల బాటిల్ మూత తీసి ఆ తడి మీదే, ఆమె చీర మీదే, అంతా కుమ్మరించింది. అయ్యో నా చేతులిరగ, బాటిల్ జారిపాయ గదే, నీ చీరంతా తడిపేస్తినే తల్లీ అని లైనంతా వినబడేట్టు తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూ ఒక్కసారి నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు, నేనెవరో గుర్తుపట్టడానికి అన్నట్టు చూసింది. తర్వాత గంట కొట్టారు, అంకె తగ్గింది, నేను తగ్గనట్టు రాశాను.

తిప్పమ్మక్క పోసిన నీళ్లతో అది అక్కడికి ముగిసిపోవాల్సింది. లైనులో సగం మంది నమ్మారు, మిగతా సగం నమ్మినట్టే ఉన్నారు. వరలక్ష్మక్క చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమె చెప్పింది. బస్సులో, కొంగు కింద, నా ముందు సీట్లోనే కూర్చుని చెప్పింది, ఆమె వీపు చూస్తూ నేను వెనకే కూర్చున్నాను, ఇంటికి పోయి తెరిస్తే పాయసంలో తేదీతో సహా ఉంది. టోకెన్ మేకుకు తగిలించే ఉండాది. నా కండ్లకు కనబడతానే ఉండాది. అడిగితే రైటర్ పాప గంట కొట్టనీ అనింది. నాకు స్టూలు మిందనే అయిపాయ. తిప్పమ్మ పోసింది నీళ్లే, ముందు ఉన్నింది నీళ్లు కాదు. అంతే రాసింది, ఒక తిట్టు లేదు, ఒక ఏడుపు లేదు. నాకు కంఠతా వచ్చేసింది. అన్నం తినేటప్పుడు, దుప్పటి మడతపెట్టేటప్పుడు, ఊరికే, రైటర్ పాప గంట కొట్టనీ అనింది. ఆమె పడిన సిగ్గును ఆమె ఎండలో ఆరేసినట్టు ఆరేసింది, దాని పక్కన నాది కూడా ఆరేసింది. తనది తను తీసుకుని నాది నాకు వదిలేసి ఉండొచ్చు కదా అని కూడా అనుకున్నాను, అంత దూరం పోయింది నా బుద్ధి.

నిన్న సాయంత్రం ఇంట్లో అమ్మ చీర కొంగుకు కుచ్చులు కడుతోంది. షావుకారు ఇచ్చిన పట్టుచీరలు, ఒళ్లో ఒకటి, పక్కన దొంతర. నేను పక్కన కూర్చుని దారాలు విడదీసి ఇస్తూ ఇంకో చేత్తో ఫోన్ తెరిచాను. మేడమ్‌కు లింకు పంపాల్సిన రోజు. మేడమ్ అంటే చాముండేశ్వరి మేడమ్, పెనుకొండ కోర్టులో వకీలు, మా రాతను చదివి తన పేరుతో పై అధికారులకు ఫిర్యాదుగా పంపిస్తానని ఒప్పుకున్నావిడ. తెల్లారితే ఆదివారం, హిందూపురంలో తిప్పమ్మక్క ఇంట్లో అందరి ముందు చదివి ఖాయం చేసుకోవాలి. అందరి ముందు చదువుతుంది, గట్టిగా. రైటర్ పాప అని మేడమ్ నోట వస్తుంది, అప్పుడు అందరూ నా వైపు చూడరు, చూడకుండా ఉండటానికి కష్టపడతారు, అది తలుచుకుంటేనే ఒళ్లంతా వేడెక్కింది. వేలు దానంతటదే పోయింది. రైటర్ పాప గంట కొట్టనీ అనింది అన్నది తీసేసి సూపర్‌వైజర్ ఇయ్యనీలేదు అని పెట్టాను. పేజీ మూలన ఉడుత బొమ్మ ఉంది. ఫోన్ తెరిచిపెట్టి వంట చేసుకుంటోందేమో అనుకున్నాను, గీత కూడా కదల్లేదు. పైగా అబద్ధం ఏముంది, ఆయన ఎంతమందిని ఆపలేదు, ఇది కూడా ఆయన ఖాతాలోనే పడనీ, మోసేవాడికి ఇంకొకటి బరువా అనుకున్నాను. ఏం చేస్తాండావే అంది అమ్మ, దారం చిక్కుపడింది. ఏం లేదమ్మా అని చిక్కు తీశాను, లింకు మేడమ్‌కు పంపించాను, అన్నం తిని పడుకున్నాను, నిద్ర కూడా బాగానే పట్టింది, అదే నాకు ఇప్పుడు అసహ్యంగా ఉంది.

పొద్దున యూనస్ బండి మీద స్టేషన్‌కు తీసుకొచ్చాడు. ఊరికే అడిగినట్టు, ఒరేయ్, దాంట్లో తుడిచినవి యాడికి పోతాయిరా అన్నాను. యాడికీ పోవక్కా అన్నాడు వాడు, మహా గర్వంగా, తనే తయారుచేసినట్టు. మూలకు గడియారం బొమ్మ ఉండాది చూడు, నొక్కితే మొదట్నించి అంతా ఆడిస్తాది, ఎవురేం కొట్టింది, ఎవురేం తీసింది, ఒగో అక్షరం. ఎవరికి కనబడుతుందిరా అంటే, లింకుండే వాళ్లందరికీ అక్కా, బయటోళ్లకు కనబడదు, లోపలోళ్లకు దాచేకి కాదు అన్నాడు. బండి దిగాక హెల్మెట్ అద్దం పైకెత్తి నా మొహం చూసి ఏమైందక్కా అన్నాడు, ఎండ అన్నాను. కుట్టు విప్పేసిన చొక్కా చూసినట్టే ఉంది నాకు ఇప్పుడు, దారం పోయినా సూది పోటు గుడ్డలో ఉంటుంది, చెకింగ్ టేబుల్ మీద దీపం ముందు పెడితే వరసగా చుక్కలు కనబడతాయి. ఎన్నోసార్లు నేనే చూపించాను, ఇదిగో సార్, ఇది విప్పి కుట్టింది అని. ఎవరు కుట్టిందీ అడిగితే పేరు కూడా చెప్పాను.

సంచిలోంచి ఫోన్ తీశాను. గడియారం బొమ్మ నొక్కాను. వాడన్నట్టే ఆడించింది. అనింది అన్నది పోయింది, కొట్టనీ పోయింది, గంట పోయింది, పాప అన్న మాట కొంచెం ఆగి పోయింది, అక్కడ నేను ఆగినట్టున్నాను, ఎందుకాగానో గుర్తులేదు. ఖాళీ. తర్వాత సూపర్‌వైజర్ అని ఒక్కొక్కటే రావడం మొదలైంది. పక్కన అందరికీ జంతువులు ఉంటే నాకు మాత్రం అక్షరాలున్నాయి, దీని యజమానిని నేను కాబట్టి, మొదట్లో గొప్పగా నేనే ఇచ్చుకున్న పేరు, రైటర్. రైటర్ తీసింది, రైటర్ పెట్టింది. పెద్దాయన శనక్కాయల పొట్లం నా వైపు చాపి, తిను బిడ్డా, ఏమీ తినకుండా బయలెల్లినట్లుండావే అన్నాడు. వద్దన్నాను, అప్పుడే కిటికీలో పెనుకొండ కొండ వచ్చింది, కొండ మీద కోటగోడ, ఎండకు తెల్లబడిన రాళ్లు, అక్కడ సిగ్నల్ పోతుంది, పోయింది, తెర మీద చిన్న చక్రం తిరుగుతూ నిలబడిపోయింది. పెనుకొండలో దర్గాకు వచ్చి తిరిగిపోయేవాళ్లు పిల్లలతో, పూలతో తోసుకుంటూ ఎక్కారు. వాళ్ల వెనక మేడమ్ ఎక్కింది.

ముందే అనుకున్న రైలు పెట్టె కదా, నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంది. ఏమ్మా, తిన్న్యావా అంది. చేతిలో నల్లకోటు మడత, నుదుట చెమట. రాత్రి నీ పాయసమంతా తాగినానమ్మా, నిద్ర పట్టలేదు అంది. ఇంతమంది ఆడోళ్లతో ఇంత మాట్లాడించినావంటే సామాన్యం కాదు, చదువుకున్నందుకు నువ్వొక్కదానివి పనికొస్తివి అని నా చేయి పట్టుకుంది, నీలం సిరా ఉన్న చేయే. నేను లాక్కోలేక అలాగే ఉంచాను. ఆమె చేయి పట్టుకునే చెప్పుకుంటూ పోయింది, వాళ్లను వీళ్లను తిట్టేది ఎన్ని రాసినా గాలిమాట అంటారమ్మా, టోకెన్ సంగతి అట్ల కాదు, ఆ బిడ్డ తేదీతో సహా రాసిపెట్టింది, సూపర్‌వైజర్ ఇయ్యనీలేదు అని, మనకు అదే బలం. వాడు ఆ పొద్దు డ్యూటీలో ఉన్నెట్ల హాజరు పంచింగ్‌లో తేలితే చాలు, ఇంగ తప్పించుకునేకి సందు లేదు.

"లేకపోతే?" అన్నాను.

"యాడ లేకపోతే?"

"ఆ పొద్దు ఆయన డ్యూటీలో లేకపోతే మేడమ్."

ఆమె నా చేయి వదిలి, పూల వాసన వస్తున్న పిల్లను కాస్త జరగమని, నా వైపు తిరిగింది. లేకపోతే ఆ బిడ్డ అబద్ధం రాసిందంటారు, ఒగటి అబద్ధమైతే అన్నీ అబద్ధాలే అంటారు, కడుపుతో ఉండే ఆడమనిషిని నిలబెట్టి యాడ అయింది, ఎంత అయింది అని అడుగుతారు, నేనుగూడా ఏమీ చేసేకి కాదు అంది. ఏం, లేడా అంది. ఏమో మేడమ్, చూడాల అన్నాను. చూడాల. నేను ఎక్కడికి పోయి చూడాలి, నాకు తెలుసు కదా. ఆ రోజు రమేష్ సార్ నల్లచెరువు ఊళ్లో ఉన్నాడు, మరదలి పెళ్లి, ముందు రోజే చెప్పి పోయాడు. హీనా, రేపు లైను నీ చేతిలో పెడతాండా, అంకె తగ్గకుండా చూడు అన్నాడు, ఆ మాటకు నేను ఇంటికి పోయి అమ్మకు చెప్పి మురిసిపోయాను. తిరిగొచ్చాక పెళ్లి లడ్డు కాగితంలో చుట్టి ఇచ్చాడు, నాకొక్కదానికే ఇచ్చాడు, తిన్నాను. మర్చిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు, లడ్డులో ఏలకులు పంటికి తగిలింది కూడా గుర్తుంది. మర్చిపోలేదు, పక్కన పెట్టాను. అంకె తగ్గకూడదని ఎవరూ నా నెత్తిన కూర్చోలేదు, ఆయన అక్కడ లేడు, ఆయనుంటే అంకె బాధ ఆయనదేనని ఇచ్చేదాన్నేమో, ఆయన లేడు కాబట్టే, లైను నాది కాబట్టే, అంకె నిండుగా చూపించాలని ఆపాను. నిన్న ఒక మాట మారిస్తే మొహం దాచుకోవచ్చనుకున్నాను, ఆ మాట పోయి వరలక్ష్మక్క నెత్తిన పడుతుందని ఆలోచించలేదు.

మేడమ్ సంచిలోంచి ఇడ్లీ డబ్బా తీసి తినమ్మా అంటోంది. ఒకటి తీసుకుని చేతిలో పట్టుకున్నాను. సిగ్నల్ వచ్చింది. పేజీ కింద ఎర్రగా ఒక బొత్తాం ఉంటుంది, అది నాకు మాత్రమే కనబడుతుంది, యజమానికి. అది నొక్కితే పాయసం మొత్తం పోతుంది, గడియారం బొమ్మతో సహా, ఇంగ ఆ యాప్ కంపెనీ వాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా తేలేరక్కా, జాగ్రత్త అని యూనస్ మొదటిరోజే చెప్పాడు. ఒక్క నొక్కు. అందరికీ చెప్పొచ్చు, ఏదో అయింది, అంతా పోయింది, నాక్కూడా తెలియడం లేదు అని. నమ్ముతారు. అదే, వాళ్లు నమ్ముతారు, చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని. తిప్పమ్మక్క నా వీపు నిమిరి పోనీలే పాపా, నువ్వేం చేస్తావు, మళ్లా చెప్పుకుందాం అంటుంది. మళ్లా అంటే మళ్లీ బస్సు, మళ్లీ కొంగు, స్టూలు మీద అయిపోయిందని వరలక్ష్మక్క మళ్లీ తన నోటితో ఫోన్‌కు చెప్పాలి. ఎర్ర బొత్తాం దగ్గర నా వేలు చాలాసేపు ఉంది. ఎర్రగా ఉండేసరికి టోకెన్ గుర్తొచ్చిందో ఏమో, వేలు తీసేశాను.

నిన్నటి పేజీని ఉన్నదున్నట్టు వెనక్కి తెచ్చుకునే వీలుంది, కానీ అలా తెస్తే ఆ తర్వాత ఎవరెవరు రాసింది పోతుంది. రాత్రి గుడ్లగూబ బొమ్మావిడ ఎవరో తన బిడ్డకు పాలివ్వడానికి పోనియ్యలేదని రాసింది, అది పోతుంది. కాబట్టి నా వేలితో నేనే కొట్టాలి. ఇడ్లీ మేడమ్ డబ్బాలోనే పెట్టేసి, చేయి తుడుచుకుని, సూపర్‌వైజర్ ఇయ్యనీలేదు అన్నది తీసేశాను. అడిగితే అన్నదాని పక్కన కొట్టాను, రైటర్, పాప. ఎన్నిసార్లు చదివానో ఈ మాట, కానీ చదవడం వేరు, కొట్టడం వేరు. పాప అని కొడుతుంటే అర్థమైంది, ఆమె రైటర్ అని ఊరుకోవచ్చు, ఆ ముండ అనొచ్చు, స్టూలు మీద కూర్చుని తడిసిన చీరతో ఇంటికి పోయి కూడా నన్ను పాప అనే అంది. గంట కొట్టనీ అనింది. అక్కడికి ఆమె మాట ఆమెకు ఇచ్చేశాను. తర్వాత నాది మొదలుపెట్టాను. ఆ రైటర్ పేరు హీనా. ఆ పొద్దు సూపర్‌వైజర్ పెండ్లికి పోయినాడు, లైను నా చేతిలో ఉండాది. టోకెన్ ఉన్నా నేనే ఇయ్యలేదు. నిన్న ఈ మాట మార్చింది గూడా నేనే. చదువుకున్న తెలుగులో రాద్దామని చూశాను, అలా రాస్తే ఇంకెవరి సంగతో చెబుతున్నట్టుంది. పేరు లేనివాళ్ల పేజీలో నా పేరు ఒక్కటే ఉంది, బురదలో చెప్పు మాదిరి. ఉద్యోగం పోతుంది, అమ్మ కుచ్చులు కట్టే డబ్బులతో ఇల్లు నడవాలి, ఇవన్నీ తెలుసు, అయినా ఆ క్షణాన అవి రెండోవి.

మూలన ఉడుత వచ్చింది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. దాని గీత పేజీలో కిందికి, కిందికి, నా మాటల దాకా వచ్చి, హీనా పక్కన ఆగింది.  తర్వాత నా పేరు పోవడం మొదలైంది, నా పోయింది, హీ పోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ తీసేసింది. ఫోన్ మోగింది.

"పేర్లు రాయగూడదని నువ్వే గదమ్మా చెప్పింది" అంది వరలక్ష్మక్క. వెనకాల కుక్కర్ కూత వినబడుతోంది.

"నా పేరు నేను రాసుకుంటాండానక్కా."

"ఉద్యోగం తీస్తారు."

"తియ్యనీ."

 పొయ్యి కట్టేసినట్టుంది, కుక్కర్ ఆగింది. నేను తప్పయిందక్కా అనాలి, అనాలని ధర్మవరం నుంచి నోట్లో పెట్టుకుని వస్తున్నాను, తీరా రాలేదు, దానికి బదులు గడియారం బొమ్మ నొక్కితే నిన్న నేనేం చేసింది తెలుస్తాదక్కా అన్నాను.

"గడియారం ఏంటికి. నువ్వు తీసేటప్పుడు నేను దాంట్లోనే ఉన్న్యా. చూస్తానే ఉన్న్యా."

"మరి ఫోన్ చేసి తిట్టాల్సింది గదక్కా."

"ఏమని తిడుదు" అంది. కోపం లేదు, అలసట ఉంది. "మళ్లా పెడతావేమోనని చూస్తా కూర్చున్యా. ఆ పొద్దు మేకు పక్క చూసినట్ల."

తర్వాత, హిందూపురం వచ్చినాక ఆటో ఎక్కండి, ఎండ జాస్తి ఉండాది అని పెట్టేసింది. మేడమ్ నా మొహమే చూస్తోంది, ఏమైందమ్మా అంటోంది, పెద్దాయన కూడా శనక్కాయలు వలవడం ఆపాడు. నేను హీనా అని మూడోసారి కొట్టాను. ఉడుత అక్కడే ఉంది, ఈసారి తీయలేదు. ఫోన్ మేడమ్ చేతికి ఇచ్చి, చదవండి మేడమ్, అందరి ముందర చదివేటప్పుడు ఆ పేరు గట్టిగా చదవండి అన్నాను.